హాలంతా ఖాళీ చేయించిన పాట

చెవి విషయంలో ఖమ్మం జిల్లాలో నన్ను మించినవాడు లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న సంగతే చెబుతున్నాను. గోదావరికి వరద వచ్చే ముందు దుమ్ముగూడెం దగ్గర నీళ్ళు గొంతు మార్చుకుంటాయి. ఆ మార్పు నేను కొత్తగూడెంలో మంచం మీద పడుకుని వినేవాణ్ణి. మధిర స్టేషన్లో రైలు కూతేస్తే అది ప్యాసింజరో గూడ్సో, డ్రైవరు భోంచేశాడో లేదో కూడా చెప్పేవాణ్ణి. కాబట్టి జైరాం సంగతి చెప్పడానికి నాకంటే తగిన మనిషి దొరకడు. మొదటినుంచి చివరిదాకా ఇది చెవుల గొడవే.

జైరాం తండ్రి పేరు బిచ్యా. బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్ళు టింబర్‌మన్‌గా పనిచేశాడు. బొగ్గు తవ్విన చోట పైనున్న బండ మనుషుల నెత్తిన పడకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టడం ఆ పని. రిటైరయ్యాక కొత్తగూడెంలో క్వార్టరు ఖాళీ చేసి, పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డులో అడవి అంచునున్న తమ తండాలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. సన్నగా, నిటారుగా, తాను నిలబెట్టిన దుంగల్లో ఒకటి ఇంటికి నడిచొచ్చిందా అన్నట్టుండేవాడు. రోజుకి ఇరవై మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. ఆ ఇరవైలో పదిహేను మేకలతోనే. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. మీ సౌకర్యం కోసం నేను తెలుగులోకి మార్చి చెబుతున్నాను, అంతే.

ఇంత నిశ్శబ్దమైన మనిషి కడుపున పుట్టిన జైరాం ఏం వాయించేవాడో తెలుసా? మెటల్. తెలియనివాళ్ళకు చెబుతాను. గిటారుకి కరెంటు తగిలించి, ఆ కరెంటుకి బాగా కోపం తెప్పించి, ఆ కోపం చల్లారకముందే వాయించేయాలి. అదీ మెటల్. ముగ్గురు కలిసి ‘ఇనుము’ అని బృందం పెట్టారు. డ్రమ్స్ ప్రభాకర్, గొంతు రాంబాబు, గిటారు జైరాం. రాంబాబు కొత్తగూడెంలో అరిస్తే పాల్వంచ బస్టాండులో కండక్టరు బస్సు దిగి, టైర్లన్నీ తట్టి చూసుకున్నాడు. జైరాం వాయిస్తుంటే చెయ్యి కనబడేది కాదు. ఎండాకాలం ప్రోగ్రాముల్లో ఆ చేతి విసురుకి ముందు వరసవాళ్ళు తువ్వాళ్ళు పక్కన పెట్టేవాళ్ళు, ఫ్యాను అక్కర్లేకుండా. 2003 నుంచి మూడేళ్ళు ఖమ్మం, వరంగల్ కాలేజీల్లో కుర్రాళ్ళు వాళ్ళ పేరు గోడల మీద రాసుకున్నారు.

ఇంత పేరొచ్చినా జైరాంకి ఒక కొరత ఉండిపోయింది. బాపు ఒక్కసారి కూర్చుని, చివరిదాకా వినాలి. అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు. అదొక్కటే జరగలేదు.

ఖమ్మం కాలేజీ ఫంక్షనుకి బిచ్యా రిటైర్మెంటు రోజు తొడుక్కున్న తెల్ల చొక్కా వేసుకుని, టిఫిను డబ్బాతో బస్సెక్కి వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. పాట మొదలైంది. రెండో నిమిషంలో లేచాడు, పందిరి పైకప్పు వంక ఒకసారి చూశాడు, వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. పాల్వంచలో నిమిషమున్నరకే లేచాడు. కొత్తగూడెంలో అయితే ప్రభాకర్ డ్రమ్ము మీదికి కర్ర ఎత్తాడో లేదో, బిచ్యా కుర్చీ ఖాళీ. జైరాం చేతులు తీగల మీదుంటే కళ్ళు ఆ ఖాళీ కుర్చీ మీదుండేవి. వేలమంది ఊగుతున్నా అతని లెక్కలో హాజరు సున్నా.

ఒకరోజు తల్లి ద్వాలిని అడిగేశాడు.

“యాడీ, బాపుకి నా పాటంటే గంత అసయ్యమా?”

“నీ పాటనెవ్వలన్నరు? చప్పుడైతే లేస్తడు, గంతే. మా పెండ్లిల డప్పులు కొట్టంగనే లేచి చెరువు గట్టుకు పోయి కూసున్నడు. పెండ్లికొడుకు ఏడున్నడని మా అన్నలు కట్టెలు పట్టుకొని తిరిగిన్రు.”

“ఎందుకట్ల?”

“అడిగితె చెప్పే మనిషైతే గా పెండ్లిరోజే అడుగుదును.”

2006లో ‘ఇనుము’ కరిగిపోయింది. ప్రభాకర్ బెంగుళూరులో ఉద్యోగం చూసుకున్నాడు. రాంబాబు హైదరాబాదు కాల్ సెంటర్లో చేరాడు. బస్సు టైర్లు పేల్చగల గొంతు రోజుకి ఎనిమిది గంటలు “మీకు ఏ విధంగా సహాయపడగలను?” అని వెన్నపూసలా పలకడం నేర్చుకుంది. జైరాం గిటారుతో ఒక్కడే మిగిలాడు. పూట గడవడానికి కొత్తగూడెంలో అహ్మద్ పాషా మైకు సెట్టు దుకాణంలో చేరాడు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు కిరాయికిచ్చే పాషా అంటే పెట్టెలూ వైర్లూ వాసన చూసి రోగం చెప్పగలనని నమ్మే మనిషి. ఆ నమ్మకంతోనే ఒకనాడు విజయవాడ పాత సామాన్ల బజారునుంచి ఒక నల్లటి బరువైన పెట్టె మోయించుకొచ్చాడు.

“అరె జైరాం, ఇటు రా. గిన్ని బటన్లున్నయంటే పెద్ద మిక్సరే అనుకున్న. దుకాన్ల దించి బట్ట తీస్తె పియానో మెట్లు గూడ బయటపడ్డయి. ఏందిది?”

“సింథసైజర్, చాచా.”

“అంటే? క్యాసియో లెక్క పాటలొస్తయా?”

“పాటలుండవ్ దీంట్ల. చప్పుడు మనమే తయారు చేసుకోవాలె.”

“గది నువ్వు మూడేండ్ల సంది చేస్తనే ఉన్నవ్ గద. మిషినెందుకు మల్ల?”

జైరాం నవ్వి, ఎడమ చివరన ఉన్న మెట్టు నొక్కాడు. ఊఁ అంది. ఒక గుండీ మెల్లగా తిప్పాడు. ఆ ఊఁ ఇంకా కిందికి దిగింది. చెవి వదిలేసి పొట్టలోకి వచ్చింది. కౌంటరు మీద పాషా టీ గ్లాసు దానంతటదే కదిలి, బల్ల అంచుదాకా నడిచింది. పాషా అందుకోకపోతే రోడ్డు దాటి హోటలుకి వెళ్ళిపోయేదే.

“యా అల్లా! ఆపు, ఆపు. గోడలు పగుల్తయి.”

జైరాం ఆపలేదు. మూడేళ్ళుగా తాను వెతుకుతున్నది బరువని అతనికి అప్పుడు తెలిసింది. గిటారు మీద ఆ బరువు కోసం వేగం పెంచాడు, గొంతు పెంచాడు, కరెంటుకి కోపం పెంచాడు. ఇక్కడ ఒక్క వేలు కదలకుండా పెడితే కొండంత బరువు వచ్చి ఒళ్ళో కూర్చుంది.

పెట్టెను ఆటోలో తండాకి తీసుకెళ్ళాడు. వాకిట్లో బిచ్యా మేకల దడికి కంప కడుతున్నాడు. కొడుకు కరెంటు వైరు తగిలించడం చూసి అలవాటుగా లేచాడు. జైరాం ఆ కింది మెట్టు నొక్కాడు. గేటు దాకా వెళ్ళిన బిచ్యా ఆగాడు. తల ఒక పక్కకి వంచాడు. వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జైరాం గోడ గడియారం వంక చూడకుండా చూస్తున్నాడు. రెండు నిమిషాలు. మూడు. నాలుగు.

“ఫ్యాను” అన్నాడు బిచ్యా.

“ఏంది బాపూ?”

“బాయిల గాలి పంపే పెద్ద ఫ్యాను. మేం లోపట మూల మీదుంటే దూరంకెల్లి గిట్లనే ఇనపడ్తది.”

జైరాంకి ధైర్యమొచ్చింది. “మరి అప్పుడు ఖమ్మంల ఎందుకు లేచిపోయినవ్?”

బిచ్యా చేతిలోని కంప కింద పెట్టాడు. “బాయిల పొద్దుగాల దిగంగనే అందరు నోరు మూసుకుంటరు. పని చూసే సర్దారు కర్రతోని పైబండను కొడ్తడు. ఖంగుమంటే కూసొని పని చేస్తం. డొల్లగ బొద్దుమంటే ఉరుకుతం. చప్పుడున్నకాడ బండ ఏమంటున్నదో ఇనపడదు. ఇనపడనికాడ నేనుండ. ఉండబుద్ది కాదు.”

రెండు రోజుల మాటలు ఒక్కసారే ఖర్చయిపోయాయి. జైరాం వదల్లేదు.

“ఇంకేం ఇనపడ్తయి బాపూ లోపట?”

“నీళ్ళ చుక్క. పంపు. ఎలుకలు.”

“ఇంకా?”

బిచ్యా ఏదో అనబోయి ఆగాడు. “గంతే” అని మేకల దగ్గరికి పోయాడు. ఐదో నిమిషం పూర్తికాలేదు. అయినా నాలుగు నిమిషాలంటే జైరాం జీవితంలో అది రికార్డు.

ఆనాటినుంచి గిటారు గోడకెక్కింది. పాషా దుకాణం వెనక గదిలో జైరాం ఫ్యాను చేశాడు, నీళ్ళ చుక్క చేశాడు, పంపు చేశాడు. నెట్ సెంటర్లో వెతికితే ఇలాంటిదాన్ని డార్క్ ఆంబియెంట్ అంటారనీ, చలిదేశాల్లో కుర్రాళ్ళు గదుల్లో లైట్లార్పి చేసుకుంటారనీ తెలిసింది. వాళ్ళు చీకటి కోసం స్విచ్చి ఆర్పాలి. కొత్తగూడెంలో కాళ్ళ కిందే కావలసినంత ఉంది. పాత అభిమానులు మాత్రం వచ్చి విని, “ఏందన్నా, ఫ్రిజ్జు పాడైనట్టున్నది” అని వెళ్ళిపోయారు. జైరాం పట్టించుకోలేదు. ఆ చప్పుళ్ళన్నీ దొరికినా అందులో ఏదో లోటు తెలుస్తూనే ఉంది. అంతా నిద్రపోతున్నట్టుంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిపించేది ఒకటి కావాలి.

అది మే నెలలో దొరికింది. తునికాకు కోతకి తల్లితో అడవికి వెళ్ళాడు. తెల్లవారగానే గాలి లేచింది. వాగు పక్కన వెదురు పొదలో రెండు ముదురు బొంగులు ఒకదాన్నొకటి రాసుకుని క్ర్‌ర్‌ర్‌ర్ అన్నాయి, చివర టక్ అని. జైరాం ఆకు వదిలేసి, పాషా దగ్గర తెచ్చుకున్న టేపు రికార్డరు తీశాడు.

“ఆకు కోయరా అంటే వెదురుకి మైకు పెట్టినవా?” అంది ద్వాలి. “ఏమంటున్నది? ఓటెవ్వలికేస్తదంట?”

“జర నోరు మూస్కో యాడీ, నీ గొంతు పడ్తది.”

“పడనియ్యి. గా వెదురు కంటె నేనే మంచిగ పాడ్త.”

నెట్ సెంటర్ కంప్యూటర్లో ఆ చప్పుణ్ణి నాలుగోవంతు వేగానికి తగ్గిస్తే, సన్నటి వెదురు కాస్తా మనిషి నడుమంత లావైపోయింది. క్ర్‌ర్‌ర్... క్ర్‌ర్‌ర్... ఠాక్. జైరాంకి వీపు జలదరించింది. అది తనకి ఎందుకంత నచ్చిందో అతనికి తెలియదు. దాన్ని నల్ల పెట్టెలోకి ఎక్కించి కుడి చివరి మెట్టుకి తగిలించాడు. పాషాకి వినిపిస్తే, “ఇంట్ల బీరువా తలుపు గిట్లనే మొత్తుకుంటది, నూనె పెట్టు” అన్నాడు.

ఆ డిసెంబరులో రిటైర్డ్ కార్మికుల సంఘం వార్షికోత్సవానికి మైకు సెట్టు పాషాదే. మధ్యాహ్నం భోజనాల తర్వాత పాడాల్సిన బృందం సత్తుపల్లి దగ్గర లారీ అడ్డం పడి ఆగిపోయింది. సంఘం కార్యదర్శి రామ్‌చందర్ తల పట్టుకుంటే పాషా జైరాంని ముందుకి తోశాడు.

“బిచ్యా కొడుకువి గదా నువ్వు?” అన్నాడు రామ్‌చందర్ అనుమానంగా. “అరిసెటోనివి.”

“ఇప్పుడు అరుస్తలేను సార్.”

“ఎగురుతవా?”

“కూసునే వాయిస్త.”

“చూడు బిడ్డా, లోపట మూడువందల మంది ముసలోళ్ళున్నరు. పప్పన్నం తిన్నరు. వాళ్ళ నిద్ర చెడగొట్టకు.”

“నిద్ర పట్టేటట్లే వాయిస్త సార్” అని జైరాం మాటిచ్చాడు. ఆ మాట ఎలా నిలబడిందో చూడండి.

హాలు పాతది. పెంకుల కప్పు, టేకు దూలాలు. పాషా నాలుగు పెద్ద బేస్ డబ్బాలు మూలమూలకీ పెట్టించాడు. బిచ్యా మూడో వరసలో, తలుపుకి దగ్గరగా చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడికెళ్ళినా అతను వెతుక్కునే కుర్చీ అదే. ద్వాలి వరండాలో ఆడవాళ్ళ దగ్గరుంది. జైరాం తండ్రిని ఒకసారి చూసి, పెట్టె ముందు కూర్చున్నాడు. ఈసారి కూడా లేచిపోతే ఇంక పిలవను అని మనసులో అనుకున్నాడు.

మొదలుపెట్టాడు. ముందు ఫ్యాను. ఎక్కడో దూరాన, ఉందా లేదా అన్నట్టు. రెండు నిమిషాలు దాటాయి. కుర్చీ ఖాళీ కాలేదు. నీళ్ళ చుక్క పడింది. నాలుగు నిమిషాలు దాటాయి. వెనక వరసల్లో రెండు మూడు గురకలు శ్రుతి కలిశాయి. ఏడో నిమిషంలో పంపు వచ్చింది. కుర్చీలు సన్నగా వణికాయి. ఎనిమిది, తొమ్మిది, పది. బిచ్యా కళ్ళు మూసుకుని తల వంచుకున్నాడు. జైరాం గుండె గంతులేస్తోంది. వేళ్ళు మాత్రం ఎద్దు నడకే నడుస్తున్నాయి.

పదకొండో నిమిషంలో వెదురు వదిలాడు.

క్ర్‌ర్‌ర్.

హాల్లో గురకలు ఆగిపోయాయి. మూడువందల తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఎవరూ స్టేజీ వంక చూడటం లేదు. దూలాల వంక చూస్తున్నారు.

క్ర్‌ర్‌ర్.

బిచ్యా లేచి నిలబడ్డాడు. జైరాం ప్రాణం ఉసూరుమంది. పదకొండు నిమిషాలు కూర్చోబెట్టి చివరికి ఇంతేనా అనుకున్నాడు.

ఠాక్.

రోజుకి ఇరవై మాటల బిచ్యా, ఆ ఇరవై మాటల బలమూ కూడగట్టి ఒక్క మాట అరిచాడు. “బయటికీ!”

నేను రైళ్ళు చూశాను, వరదలు చూశాను, అంత వేగంగా అంత పద్ధతిగా కదిలిన మనుషుల్ని చూడలేదు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, తోపులాట లేకుండా, నడుం వంచి, తలుపు దగ్గరున్నవాడు ముందు, గోడ దగ్గరున్నవాడు వెనక. పది సెకన్లలో హాలు ఖాళీ. ఏడేళ్ళుగా రెండు చేతికర్రలు లేనిదే గడప దాటని సీతయ్య, రెండూ కుర్చీ కిందే వదిలేసి నా ముందు ఉరికాడు.

అవును, నేనూ ఆ హాల్లో ఉన్నాను. మొదట నా చెవి గురించి కొంచెం చెప్పుకున్నాను కదా, అది ఇక్కడ సవరించుకోవాలి. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఎడమ చెవి పనిచేయడం మానేసి పద్దెనిమిదేళ్ళు. కుడి చెవిలో అప్పుడు నా గురకే ఉంది. సీతయ్య నా తువ్వాలు పట్టి లాగితే లేచి పరుగెత్తాను. గేటు దాటాక గానీ ఎందుకని అడగలేదు. గోదావరి గొంతు సంగతి కూడా మీరు మరిచిపోవడమే మంచిది.

సరే, హాల్లో జైరాం ఒక్కడే మిగిలాడు. ఫ్యాను మెట్టు మీద వేలు అలాగే ఉంది. ఖాళీ కుర్చీలు వరసగా అతన్నే చూస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఒక్క మనిషి లేచిపోయేవాడు. ఈరోజు మూడువందల మంది లేచిపోయారు. బాగానే పైకొచ్చావురా జైరాం, అనుకున్నాడు. నవ్వు రాలేదు.

బయట ఆవరణలో ముసలాళ్ళు తమకు తెలియకుండానే గ్యాంగులు గ్యాంగులుగా నిలబడ్డారు. బాయిలోంచి తప్పించుకుని పైకొచ్చాక మొదట చేసే పని మనుషుల్ని లెక్కపెట్టడం. బిచ్యా వేలెత్తి లెక్కపెట్టాడు. ఆగాడు.

“ఒకడు తక్కువ” అన్నాడు.

రామ్‌చందర్ పట్టుకోబోయాడు. “బిచ్యా, పోకు! బండ వస్తది!”

బిచ్యా అప్పటికే తలకి తువ్వాలు చుట్టాడు.

జైరాం చూసేసరికి తలుపులో ఒక మనిషి. నడుం సగానికి వంచి, గోడకి ఆనుకుని, కళ్ళు కప్పు మీంచి తీయకుండా, అడుగు అడుగు తూచి వేస్తూ వస్తున్నాడు. వచ్చినవాడు కొడుకు మెడ దగ్గర చొక్కా గుప్పిట పట్టాడు.

“లెవ్వు.”

“బాపూ, ఏమైంది?”

“కర్ర మాట్లాడ్తున్నది ఇనపడ్తలేదారా? దుంగ ఇరుగుతున్నది! లెవ్వు!”

అప్పుడు జైరాంకి తెలిసింది. పైబండ కూలేముందు కింద నిలబెట్టిన దుంగ ముందుగా చెబుతుంది. మొదట మూలుగుతుంది, తర్వాత విరుగుతుంది. ఆ మూలుగుకీ ఆ విరుపుకీ మధ్యనున్న కాస్త సందులోంచే ఆ మూడువందల మందీ ఎప్పుడో ఒకప్పుడు బతికి బయటపడ్డారు. ఒక్కరూ ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లలకి చెప్పలేదు. ఆరోజు అరుగు మీద “ఇంకా?” అని అడిగితే బిచ్యా అనబోయి ఆపుకున్నది ఇదే.

“దూలం కాదు బాపూ” అన్నాడు జైరాం. “నేనే.”

వేలు తీశాడు. ఫ్యాను ఆగింది. హాలంతా నిశ్శబ్దం. వెదురు మెట్టు నొక్కాడు. క్ర్‌ర్‌ర్, ఠాక్. బిచ్యా ఉలిక్కిపడి, మొదటిసారి కప్పు మీంచి చూపు దించి ఆ నల్ల పెట్టెను చూశాడు. చొక్కా మాత్రం వదల్లేదు. నమ్మడం అతని వృత్తిలో లేదు. స్టేజీ పక్కనున్న బ్యానరు కర్ర ఊడబీకి, నోటి మీద వేలుంచి కొడుకుని ఊరుకోమని, ఒక్కో దూలాన్నీ కొట్టుకుంటూ హాలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాడు. ఖంగు. ఖంగు. ఖంగు. జైరాం పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లాడిలా నిలబడ్డాడు. ఆఖరి దూలం కూడా ఖంగుమంది.

బిచ్యా కర్ర గోడకి ఆనించి, తలుపు దగ్గరికెళ్ళి బయటికి కేకేశాడు.

“రండి. బండ మంచిగున్నది. గది నా కొడుకు వాయించిండు.”

అందరూ ఒక్కొక్కరే లోపలికొచ్చారు. చేతులు కట్టుకుని ఆ పెట్టె చుట్టూ మూగారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా పగలబడి నవ్వింది. సీతయ్య తన రెండు కర్రల కోసం కుర్చీల కింద వెతుకుతుంటే ఒకడన్నాడు, “ఇంకెందుకే మామా అవి, పరుగు పందెంల ఫస్టొచ్చినవ్.”

రామ్‌చందర్ జైరాం చెవి పట్టుకున్నాడు. “నిద్ర పట్టేటట్లు వాయిస్తనన్నవ్! నీ నిద్ర పాడుగాను, ఇరవై రెండేండ్లయిందిరా నేను గిట్ల ఉరికి!” తిడుతున్నాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “మల్ల మొదటికెల్లి వాయించు. ఎవ్వడు లేస్తడో చూస్త.”

వరండాలో ఆడవాళ్ళని కూడా లోపలికి పిలిచారు. ద్వాలి వచ్చి బిచ్యా పక్క కుర్చీలో కూర్చుంది. జైరాం మళ్ళీ మొదలుపెట్టాడు. ఫ్యాను, చుక్క, పంపు. ఈసారి ఒక్క గురక లేదు. వెదురు వచ్చినప్పుడు హాల్లో ప్రతి చెయ్యీ దానంతటదే పక్కవాడి భుజం వెతుక్కుంది. ఎవరూ లేవలేదు. బిచ్యా చెయ్యి ద్వాలి భుజం మీద పడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో అతను అలా చెయ్యి వేయడం అదే మొదలని ఆమె తర్వాత అందరికీ చెప్పుకుంది. విరుపు అయ్యాక జైరాం ఇంతకుముందు చేయనిది ఒకటి చేశాడు. అంతా ఆపేసి, సన్నటి ఒక స్వరం పట్టుకుని, దాన్ని మెల్లగా, చాలా మెల్లగా పైకి తీసుకొచ్చాడు. షిఫ్టు అయ్యాక బాయి ఎక్కుతుంటే మొదట దబ్బనమంత వెలుగు కనబడి, అది గుమ్మమంత అయినట్టు. అది ఎవరు చెబితే చేశాడని అడిగితే ఇప్పటికీ తెలియదంటాడు.

నలభై నిమిషాలు. అయిపోయింది. చప్పట్లు లేవు. జైరాం తలెత్తే లోపు సీతయ్య తన చేతికర్రతో గచ్చు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఖంగు. పక్కవాడు కొట్టాడు. కర్రలున్నవాళ్ళు కర్రలతో, లేనివాళ్ళు మడమలతో, మూడువందల మంది కొట్టారు. ఆ చప్పుడు ముందు ‘ఇనుము’ చేసిందంతా దోమల సంగీతం. పెంకుల మీద పావురాలు లేచి పాల్వంచ దాకా వెళ్ళిపోయాయి. ఆ హోరు మధ్యలో, డప్పులకి సొంత పెళ్ళి వదిలి పారిపోయిన మనిషి, కుర్చీలో కదలకుండా కూర్చుని, అందరికంటే గట్టిగా మడమతో నేల కొడుతున్నాడు.

జైరాం తండ్రిని చూశాడు. ఆనాడు అతని లెక్కలో హాజరు పూర్తి.

ఆ చలికాలంలో ఇల్లందు నుంచి, మణుగూరు నుంచి పిలుపులొచ్చాయి. పాషా దుకాణం ముందు బోర్డు మీద అన్ని సామాన్ల పేర్లూ రాయించి, కింద ఎర్ర రంగులో ‘సింథసైజర్ కిరాయికి ఇవ్వబడదు’ అని చేర్పించాడు. రాంబాబు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, జైరాం పంపిన పాట డిస్కు విన్నానని, విని ఆఫీసులో బల్ల కిందికి దూరానని చెప్పాడు. గిటారు కూడా గోడ దిగింది. దాన్ని ఇప్పుడు ఫిడేలు కమానుతో రాస్తూ, నిమిషానికి ఒక్క స్వరం చొప్పున వాయిస్తున్నాడు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం హాల్లో సామాను సర్దుతుంటే బిచ్యా దగ్గరికొచ్చి అన్నాడు, “ముప్పై ఒక్క ఏండ్లు నేనేం ఇన్ననో మీ యాడికి చెప్పలేకపోయిన. నువ్వు చెప్పినవ్‌రా బిడ్డా.”

ఇందులో నేను కల్పించింది ఉందా అని అడుగుతారు. కండక్టరు టైర్లు తట్టింది నిజం. టీ గ్లాసు నడిచింది నిజం, కావాలంటే పాషాని అడగండి. సీతయ్య పరుగు నిజం, పావురాలు నిజం. కల్పించింది ఒక్కటే, ఇప్పుడు చెప్పిన బిచ్యా మాట. అతను ఏమీ అనలేదు. ఆనాటి ఇరవై మాటలూ ఎప్పుడో అయిపోయాయి. జైరాం ఆ నల్ల పెట్టె ఎత్తబోతే పక్కకి జరగమని సైగ చేసి, తనే భుజానికెత్తుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, పాషా మనుషులిద్దరు మోసే బరువు. దారిలో ఎవరు చెయ్యేయబోయినా ఇవ్వలేదు. ఆటో దాకా ఒక్కడే మోశాడు.